మా చిన్న బరో కౌంటీతో కలిసి ఫెడరల్ గ్రాంట్‌కి సంతకం పెట్టాలా? కౌన్సిల్ ఓటు వచ్చే నెల

కాలిబాట | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెన్సిల్వేనియాలో ఒక నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న బరోలో (సొంత కౌన్సిల్ ఉన్న చిన్న ఊరు) పదకొండేళ్లుగా ఉంటున్నాం. జనాభా 9 వేలు దాటదు. ఊరి పేరు, కౌంటీ (మన జిల్లాలాంటిది) పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాసింది అక్కడ చదివితే మాట పట్టింపులు వస్తాయి.

మా నాన్నగారికి 78 ఏళ్లు, తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. పక్షవాతం వచ్చి తగ్గాక వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. రోజూ సాయంత్రం నాలుగు బ్లాకుల అవతల ఉన్న లైబ్రరీకి వెళ్లి పేపర్ తిరగేసి రావడం ఆయనకున్న ఒక్క కాలక్షేపం. సైడ్‌వాక్ ఉంది. కానీ రోడ్డు దాటే ప్రతి మూలా జానెడుకి కాస్త తక్కువ ఎత్తున సిమెంటు గట్టే, వాలు లేదు. ముందు వాకర్‌ని రోడ్డు మీదికి దించుతారు, తర్వాత ఒక చెయ్యి స్తంభానికి ఆనించి కుడికాలు దించుతారు, ఎడమకాలిని లాక్కోవాలి. అది కష్టమైపోయి ఈ మధ్య పక్కింటివాళ్ల డ్రైవ్‌వే దగ్గరే రోడ్డు మీదికి దిగిపోయి, అంచు వెంబడి నడుస్తున్నారు. పోయిన గురువారం ఒక పికప్ ట్రక్కు ఆయనకి రెండు గజాల దూరంలో సడన్ బ్రేక్ వేసింది. ఆ చప్పుడు నాకు ఇంట్లోకి వినిపించింది.

కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి అడిగాను. బడ్జెట్‌లో డబ్బు లేదన్నారు. అప్పుడే సెక్రటరీ కౌంటీ నుంచి వచ్చిన ఉత్తరం చదివారు: రాబోయే మూడేళ్లు కౌంటీ సీడీబీజీ (ఊళ్ల అభివృద్ధికి ఫెడరల్ ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంట్) కార్యక్రమంలో ఉంటారా, బయటికి వస్తారా తేల్చి చెప్పమని. ఏడుగురు సభ్యుల్లో ఇద్దరు బయటికి వచ్చేద్దామంటున్నారు. "ఫెడరల్ డబ్బు తీసుకుంటే ఫెడరల్ తలనొప్పి కూడా వస్తుంది" అన్నది వాళ్ల వాదన. ఓటు వచ్చే నెల. నేను మాట్లాడాలనుకుంటున్నాను, కానీ ఈ గ్రాంట్ గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఫ్రిస్కో_వాసి | ఆదివారం, రాత్రి 10:15

అక్కా, మాకు ఇక్కడ టెక్సస్‌లో కౌంటీ ఊసే రాదు. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఎవరి గ్రాంట్ వాళ్లు నేరుగా హడ్ (ఇళ్లు, నగరాభివృద్ధి చూసే ఫెడరల్ శాఖ) దగ్గర తెచ్చుకుంటారు. మీ బరో కూడా నేరుగా అడగొచ్చు కదా?

---

పద్దుల_పుస్తకం | ఆదివారం, రాత్రి 11:50

అడగలేరండీ, అసలు తేడా అక్కడే ఉంది. వేరే రాష్ట్రంలో ఒక కౌంటీ ఆఫీసులో 14 ఏళ్లు ఈ పద్దులే రాశాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సీడీబీజీ 1974 చట్టంతో మొదలైంది, అధ్యక్షుడు ఫోర్డ్ ఆ ఆగస్టులో సంతకం పెట్టారు. అంతకుముందు మురుగు కాలవలకి ఒక పథకం, పాత బస్తీలకి ఒక పథకం, పార్కులకి ఒకటి, ఇలా ఉండేవి. ప్రతిదానికీ వాషింగ్టన్‌కి విడివిడిగా అర్జీ పెట్టుకోవాలి. అవన్నీ ఒక మూటగా కట్టి, లెక్క ప్రకారం ఏటా ఇస్తాం, ఏం చెయ్యాలో మీరే నిర్ణయించుకోండి అన్నారు. ఆ లెక్కలో జనాభా, పేదరికం, ఇరుకిళ్లు లేదా 1940కి ముందు కట్టిన పాత ఇళ్లు, ఇవి చూస్తారు. ఈ మధ్య దేశం మొత్తానికి ఏడాదికి సుమారు 330 కోట్ల డాలర్లు ఇస్తున్నారు. అందులో 70 శాతం పెద్ద నగరాలకీ కౌంటీలకీ నేరుగా, 30 శాతం రాష్ట్రాల ద్వారా చిన్న ఊళ్లకీ వెళ్తుంది.

నేరుగా రావాలంటే మామూలుగా నగర జనాభా 50 వేలు ఉండాలి. ఫ్రిస్కో జనాభా 2 లక్షలు దాటింది, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. 9 వేల బరోకి ఆ తలుపు మూసే ఉంటుంది. కానీ అలాంటి ఊళ్లు పది ఇరవై కలిసి కౌంటీతో ఒప్పందం రాసుకుంటే, వాటి జనాభా, కౌంటీ నేరుగా పాలించే ప్రాంతాల జనాభా కలిపి 2 లక్షలకి చేరితే, ఆ కౌంటీకి "అర్బన్ కౌంటీ" హోదా వస్తుంది. అప్పుడు హడ్ దాన్ని ఒక పెద్ద నగరంలాగే చూసి ఏటా డబ్బు ఇస్తుంది.

కాలిబాట గారూ, మీ ఊరు బయటికి వస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. మీ 9 వేల మంది, మీ ఊళ్లోని పేద కుటుంబాలు, ఇరుకిళ్లు, అన్నీ కౌంటీ లెక్కలోంచి తీసేస్తారు. అందరికీ వచ్చే మొత్తం ఆ మేరకి తగ్గుతుంది. మీరు రాష్ట్రం వాటాకి అర్జీ పెట్టుకోవచ్చు కానీ అక్కడ చాలా ఊళ్లతో పోటీ. కౌంటీలో ఉన్న మూడేళ్లూ రాష్ట్రం వాటా అడగకూడదు, మధ్యలో మానేస్తామన్నా కుదరదు. సంతకం పెట్టేముందు కౌన్సిల్‌కి ఈ రెండూ తెలిసి ఉండాలి.

---

ఈస్ట్‌బే_తెలుగు | సోమవారం, ఉదయం 7:05

కాలిఫోర్నియాలో మా అలమేడా కౌంటీ కూడా ఇంతే. ఫ్రీమాంట్‌కి దాని గ్రాంట్ దానిదే. డబ్లిన్, నూవార్క్, ఆల్బనీ, ఎమరీవిల్, పీడ్‌మాంట్, ఇంకా ఏ ఊరి పరిధిలోకీ రాని ప్రాంతాలు కలిసి ఒక గొడుగు కింద ఉంటాయి. డబ్లిన్‌లో మన తెలుగువాళ్లు అంత మంది ఉన్నా ఈ సంగతి తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్తాం, దీని హియరింగ్‌కి ఎవరం వెళ్లం. నిజానికి ఏటా కనీసం రెండు పబ్లిక్ హియరింగులు పెట్టాలి, డబ్బు దేనికి ఖర్చు పెడతారో చెప్పే ప్లాన్ ముసాయిదా మీద 30 రోజులు జనం మాట వినాలి. అడిగేవాళ్లు లేకపోతే డబ్బు అడిగినవాళ్లకే వెళ్తుంది.

---

పన్ను_కట్టేవాణ్ణి | సోమవారం, మధ్యాహ్నం 12:20

ఆ ఇద్దరు కౌన్సిల్ సభ్యులు అన్నదాంట్లో తప్పేముంది? న్యూయార్క్ పక్కన వెస్ట్‌చెస్టర్ కౌంటీ సంగతి చూడండి. ఇదే గ్రాంట్ తీసుకుని ఎన్ని కోట్లు కట్టాల్సి వచ్చిందో! ఆ కాగితం మీద సంతకం పెడితే రేపు మా వీధి చివర అపార్ట్‌మెంట్లు కట్టమంటారు. అప్పు చేసి, పిల్లల స్కూల్ చూసి ఇల్లు కొనుక్కున్నాం. మా ఊరి నిర్ణయం మా ఊరు చేసుకోవాలి. నాలుగు మూలల్లో సిమెంటు వాలు కోసం ఊరి హక్కు వదులుకోవడం నాకు నచ్చదు.

---

అలెగెనీ_దారి | సోమవారం, సాయంత్రం 6:30

నేను ఉండేది పెన్సిల్వేనియాలోనే, మన్రోవిల్ దగ్గర. ఇక్కడ ఇది ఎలా నడుస్తుందో చూసినంత చెబుతాను.

అలెగెనీ కౌంటీలో పిట్స్‌బర్గ్‌తో కలిపి 130 మున్సిపాలిటీలు. చాలావాటిలో మూడు వేలు, ఐదు వేలే జనాభా. ఉక్కు మిల్లులు మూతపడ్డాక చాలా ఊళ్లలో సగం మంది వెళ్లిపోయారు. ఇళ్లు మిగిలాయి, పన్ను కట్టేవాళ్లు మిగల్లేదు. అలాంటి బరోకి సెక్రటరీ ఒక్కరే గుమస్తా, అకౌంటెంట్, ఫోన్ ఎత్తే మనిషి కూడా. ఫెడరల్ గ్రాంట్ కాగితాలు నింపేది ఎవరు? అందుకే చుట్టుపక్కల బరోలు కలిసి "కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్" పెట్టుకున్నాయి, ఇక్కడ అందరూ కాగ్ అంటారు. పది పదిహేను ఊళ్లకి కలిపి ఒక ఆఫీసు, గ్రాంట్ల పని తెలిసిన మనుషులు ఇద్దరు ముగ్గురు. కూలిపోయే ఇళ్లు పడగొట్టడం, మురుగు పైపులకి లైనింగ్, సైడ్‌వాక్‌లు, ఇలాంటివి ఒకే టెండర్‌గా పిలుస్తారు. ఒక్క ఊరు మూడు వందల అడుగుల పైపుకి టెండర్ పిలిస్తే పెద్ద కాంట్రాక్టర్ రాడు. ఆరు ఊళ్ల పైపు కలిపితే వస్తాడు, రేటు కూడా తగ్గుతుంది.

మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న పెన్‌హిల్స్ ఈ కౌంటీలోనే ఉంది. దాని జనాభా ఇప్పుడు 41 వేలు, అయినా దానికి గ్రాంట్ నేరుగా వస్తుంది. పక్కనే ఉన్న మన్రోవిల్ కౌంటీ గొడుగు కిందికి వస్తుంది. 1976 నుంచి దేశం నలుమూలల నుంచీ మనవాళ్లు గుడికి వస్తూనే ఉన్నారు. దర్శనం చేసుకుని, పులిహోర తిని కారెక్కేస్తాం. కొండ దిగేటప్పుడు అటూ ఇటూ తలుపులకి చెక్క పలకలు కొట్టి మూసేసిన ఇళ్లు కనపడతాయి. వాటిని బాగు చేసే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో నేనూ పదేళ్ల దాకా ఆలోచించలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

---

పద్దుల_పుస్తకం | సోమవారం, రాత్రి 10:45

> వెస్ట్‌చెస్టర్ కౌంటీ సంగతి చూడండి

చూద్దాం. పూర్తిగా చూడాలి మరి.

2006లో ఒక సంస్థ, వెస్ట్‌చెస్టర్ ప్రభుత్వానికి అబద్ధపు హామీ ఇచ్చి డబ్బు తీసుకుందని కేసు వేసింది. గ్రాంట్ తీసుకున్న ప్రతిసారీ "ఇళ్ల విషయంలో వివక్ష లేకుండా చూస్తాం, అడ్డంకులు ఏమున్నాయో పరిశీలిస్తాం" అని రాసి సంతకం పెట్టాల్సి ఉండేది. అక్కడ సంతకాలు పెట్టారు, జాతి వివక్షని మాత్రం పరిశీలించనే లేదు. 2009లో జడ్జి అదే తేల్చారు. ఆ ఏడాదే రాజీ కుదిరింది: దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉండే ఊళ్లలో 750 అందుబాటు ధర ఇళ్లు కట్టించాలి, మొత్తం ఖర్చు 6 కోట్ల డాలర్ల పైన. డబ్బు తీసుకోవడం అక్కడ తప్పు కాదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోవడమే తప్పు.

ఈ గొడవ కొత్తదీ కాదు. పథకం మొదలైన రెండేళ్లకే, 1976లో, హార్ట్‌ఫోర్డ్ నగరం, తన చుట్టూ ఉన్న ఏడు సబర్బులకి (శివారు ఊళ్లకి) ఈ డబ్బు ఇవ్వొద్దని కోర్టుకెక్కి గెలిచింది. పేదవాళ్ల ఇళ్ల అవసరం సరిగ్గా లెక్క కట్టకుండానే డబ్బు అడిగారన్నది వాదన. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు, దావా వేసే అర్హత నగరానికి లేదని దాన్ని కొట్టేసింది. కానీ ఆ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

మీ భయం గురించి సూటిగా చెబుతాను. కౌంటీతో ఒప్పందం మీద సంతకం పెట్టినంత మాత్రాన మీ జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ఊరి నిబంధనలు) మారదు, ఎవరూ వచ్చి అపార్ట్‌మెంట్ కట్టరు. కానీ మీ ఊరు ఇళ్ల విషయంలో వివక్ష చూపిస్తే, లేదా వివక్ష తగ్గించే కౌంటీ పనికి అడ్డుపడితే, మీ ఊరికి డబ్బు ఆపేసే షరతు ఒప్పందంలో ఉంటుంది. అది ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

---

నాలుగో_వీధి | మంగళవారం, ఉదయం 8:10

పన్ను_కట్టేవాణ్ణి గారూ, కోపంతో కాదు, మనసులో మాట చెబుతున్నాను. మా మామగారు 1969లో చదువుకోడానికి వచ్చారు. అద్దె ఇంటికి వెళ్తే, తలుపు తీసినావిడ ఆయన మొహం చూసి "ఇప్పుడే ఇచ్చేశాం" అందట. అద్దెకి ఇస్తామన్న బోర్డు కిటికీలోనే ఉంది. అంతకు ముందు ఏడాది, 1968లోనే, జాతి, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించకూడదని చట్టం వచ్చింది. మనం ఇవాళ స్కూల్ రేటింగ్ చూసుకుని నచ్చిన ఊళ్లో ఇల్లు కొనుక్కోగలుగుతున్నామంటే ఆ చట్టం వెనకున్న నల్లవాళ్ల పోరాటం వల్లే. మన తర్వాత వచ్చేవాళ్లకి అదే దారి ఉండాలన్న కాగితం మీద సంతకం పెట్టడానికి మనం వెనకాడకూడదు.

---

పన్ను_కట్టేవాణ్ణి | మంగళవారం, సాయంత్రం 5:40

మీ మామగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఆ కోణంలో చూడలేదు. అపార్ట్‌మెంట్ల విషయంలో నా సందేహం పూర్తిగా పోలేదు, కానీ వెస్ట్‌చెస్టర్ గురించి నేను సగమే తెలుసుకుని మాట్లాడాను, ఒప్పుకుంటున్నాను.

ఇంకో ప్రశ్న. మా ఊళ్లాంటి బాగా ఉన్న ఊళ్లకి ఇందులో ఏం వస్తుంది? 70 శాతం డబ్బు తక్కువ ఆదాయం వాళ్లకే ఖర్చు పెట్టాలంటారు కదా.

---

కాలిబాట | మంగళవారం, రాత్రి 8:00

నా భయం కూడా అదే. మా ఇంజనీరు ఫోన్‌లో ఇదే చెప్పారు. ఒక ప్రాంతంలో పని చెయ్యాలంటే అక్కడ ఉండేవాళ్లలో 51 శాతం తక్కువ ఆదాయం వాళ్లుండాలట. లైబ్రరీ చుట్టుపక్కల అంత మంది లేరు. "మీ మూలలకి ఇది రాదమ్మా, వదిలెయ్యండి" అన్నారు. సంతకం పెట్టినా మా నాన్నగారికి ప్రయోజనం లేదా?

---

పద్దుల_పుస్తకం | మంగళవారం, రాత్రి 9:15

ఉంది! దయచేసి వదిలెయ్యకండి.

ఇంజనీరు చెప్పిన 51 శాతం నిబంధన నిజమే. ఆ ప్రాంతంలోని కుటుంబాలని ఆదాయం వరసలో పెడితే సరిగ్గా నడిమధ్య వచ్చే కుటుంబం ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవాళ్లని తక్కువ, మధ్యస్థ ఆదాయం కింద లెక్కేస్తారు. వీధి మొత్తం తారు వేయాలన్నా, సైడ్‌వాక్ మొత్తం కొత్తగా పొయ్యాలన్నా ఆ లెక్క చూస్తారు. కానీ అదొక్కటే దారి కాదు. వృద్ధులు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, ఇలాంటి కొన్ని వర్గాలని హడ్ ఆదాయం రుజువు అడక్కుండానే అర్హులుగా భావిస్తుంది. వృద్ధులూ వికలాంగులూ తిరగడానికి అడ్డుగా ఉన్న కట్టడాలు తొలగించే పనికి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. మూలల్లో గట్టు కోసి వాలు కట్టడం సరిగ్గా ఆ పనే. దానికి చుట్టూ ఉన్నవాళ్ల ఆదాయం చూడక్కర్లేదు. లైబ్రరీ గుమ్మం ముందు ర్యాంప్‌కీ ఇది వర్తిస్తుంది.

ఒక జాగ్రత్త: అర్జీలో "సైడ్‌వాక్ మెరుగుదల" అని రాయకండి. "వృద్ధులు, వికలాంగుల రాకపోకలకి అడ్డంకుల తొలగింపు" అని రాసి, పనిని వాలులకే పరిమితం చెయ్యండి. పాడైన పలకలన్నీ ఇందులో కలిపేస్తే అర్జీ వెనక్కి వస్తుంది. రిపేర్లు, గుంతలు పూడ్చడం, మున్సిపల్ ఆఫీసు కట్టడం, వీటికి మామూలుగా ఈ డబ్బు రాదు.

రెండో జాగ్రత్త నా కళ్లతో చూసింది. నేను పనిచేసిన కౌంటీలో ఒక చిన్న ఊరికి పార్కు కోసం గ్రాంట్ మంజూరైంది. చలికాలం లోపు పని అయిపోవాలన్న తొందరలో, పర్యావరణ పరిశీలన పూర్తికాకముందే కాంట్రాక్టర్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. అంతే, మొత్తం గ్రాంట్ పోయింది. ఆ మేయర్ మా ఆఫీసు బల్ల ముందు కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, "నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను ఫోన్ చేసి ఉంటే ఆ పార్కు ఉండేది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. క్లియరెన్స్ కాగితం చేతికి వచ్చేదాకా పార పట్టొద్దు, సంతకం పెట్టొద్దు.

---

మున్సిపల్_మాస్టారు | బుధవారం, ఉదయం 6:30

అందరికీ ఆశీస్సులు. అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. హైదరాబాద్ శివారులో ఒక మున్సిపాలిటీ రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. 2007 ఏప్రిల్‌లో మా మున్సిపాలిటీ సహా 12 మున్సిపాలిటీలనీ, 8 గ్రామ పంచాయతీలనీ హైదరాబాద్ కార్పొరేషన్‌తో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్‌బీ నగర్ అన్నీ అందులో కలిసినవే. పెద్ద సంస్థ అయ్యాక పెద్ద రోడ్లు వచ్చాయి, ఒప్పుకోవాలి. కానీ అంతకుముందు కుళాయి రాకపోతే నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి అడిగిన ముసలావిడ, తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియక తిరిగింది. ఊరు ఊరుగానే ఉంటూ డబ్బు విషయంలో మాత్రమే కలిసే ఈ పద్ధతి చదువుతుంటే, మాకూ ఇలాంటి దారి ఒకటి ఉంటే బాగుండేదనిపించింది. అమ్మాయ్ కాలిబాటా, మీ నాన్నగారిని జాగ్రత్తగా చూసుకో. ఇంకో సందేహం, 9 వేల మంది ఊరికి ఏటా వచ్చేది చాలా తక్కువ కదా, దాంతో ఏం పని అవుతుంది?

---

అలెగెనీ_దారి | బుధవారం, మధ్యాహ్నం 1:00

మంచి ప్రశ్న మాస్టారూ. మా వైపు కొందరు చేసేది మీకు చీటీ పాటతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు ఊళ్లు ఉన్నాయనుకోండి. ఎవరికి వాళ్లు ఏటా కొంచెం కొంచెం అడిగితే దేనికీ సరిపోదు. "ఈ ఏడాది మీ ర్యాంపులు, వచ్చే ఏడాది మా సీనియర్ సెంటర్" అని ముందే మాట్లాడుకుని, మిగతా ముగ్గురూ ఒకరి అర్జీకి మద్దతు ఉత్తరం ఇస్తారు. చీటీలో ఉండే నమ్మకమే ఇక్కడా. ముందు తీసుకున్నవాళ్లు తర్వాత మొహం చాటేస్తే చీటీ కూలిపోతుంది. కౌంటీ చూసేది కూడా అదే, పక్క ఊళ్లు కలిసి వస్తే అర్జీకి బలం వస్తుంది.

---

పద్దుల_పుస్తకం | బుధవారం, రాత్రి 10:00

దీనికి రెండు ముక్కలు కలుపుతాను. ఇందులో సొంత వాటా తప్పనిసరి కాదు, కానీ ఊరు ఎంతో కొంత పెడితే అర్జీకి మార్కులు పడతాయి. మామూలుగా ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి, కాబట్టి ఊరి ఖాతాలో ఆ మేరకి నగదు ఉండాలి. 2 వేల డాలర్లు దాటిన నిర్మాణ పనికి, పనివాళ్లకి ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించిన వేతన రేట్లు వర్తిస్తాయి. అంచనా వేసేటప్పుడే ఆ రేట్లు కలుపుకోండి, లేకపోతే టెండర్ రోజున గుండె ఆగుతుంది.

ఈ పథకం ఎన్నాళ్లుంటుందని కౌన్సిల్‌లో అడుగుతారు. ఎత్తేద్దామని 2017 నుంచి అధ్యక్షుడి బడ్జెట్లలో పలుమార్లు ప్రతిపాదించారు. అయినా కాంగ్రెస్ డబ్బు ఇస్తూనే వచ్చింది, ఎందుకంటే దీనితో వేసిన పైపూ కట్టిన ర్యాంపూ ప్రతి సభ్యుడి నియోజకవర్గంలో ఉన్నాయి.

---

కాలిబాట | నాలుగు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 11:20

ఇప్పుడే మీటింగ్ నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఇచ్చారు. వెస్ట్‌చెస్టర్ ప్రశ్న వచ్చింది, మీరు చెప్పినట్టే చెప్పాను. మేం బయటికి వెళ్తే పక్క బరోలకి వచ్చే డబ్బు కూడా తగ్గుతుందన్నాను. తర్వాత నాన్నగారు తనే లేచి, వాకర్ పట్టుకుని మైకు దాకా నడిచారు. ఆయన తెలుగులో చెప్పారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. "నేను రోడ్డు మీద నడవాలని నడవడం లేదు, మూల దగ్గర దిగలేక నడుస్తున్నాను. ఒకసారి నాతో లైబ్రరీ దాకా రండి" అన్నారు, అంతే.

5-2 తేడాతో కౌంటీతోనే ఉంటామని ఓటు వేశారు. వద్దన్న ఇద్దరిలో ఒకాయన బయటికి వచ్చాక నాన్నగారి చెయ్యి పట్టుకుని, "ఓటు మార్చుకోలేదు కానీ నడవడానికి వస్తాను" అన్నారు. పక్క రెండు బరోల సెక్రటరీలకి ఫోన్ చేశాను. ఒకరు మద్దతు ఉత్తరం ఇస్తామన్నారు, ఇంకొకరు తమ మూలలు కూడా కలిపి ఒకే అర్జీ వేద్దామన్నారు. కౌంటీకి అర్జీ పెట్టడానికి ఇంకా ఆరు వారాలుంది.

---

పద్దుల_పుస్తకం | మంగళవారం, రాత్రి 11:35

ఎంత మంచి వార్త చెప్పారమ్మా! నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇప్పుడు ప్రతి మూల ఫొటో, గట్టు ఎత్తు, అక్కడి నుంచి లైబ్రరీకీ, బస్టాప్‌కీ, సీనియర్ అపార్ట్‌మెంట్లకీ ఎంత దూరం, ఇవి పట్టికగా రాయండి. అర్జీ నింపాక కౌంటీకి పంపేముందు నాకు పంపండి, చూస్తాను.

---

పన్ను_కట్టేవాణ్ణి | బుధవారం, ఉదయం 7:15

శుభాకాంక్షలు అక్కా. నేను మీకు గంటన్నర దూరంలోనే ఉంటాను. కొలవడానికి మనుషులు కావాలంటే చెప్పండి, మా అబ్బాయినీ తీసుకొస్తాను.

---

కాలిబాట | బుధవారం, ఉదయం 7:40

తప్పకుండా రండి తమ్ముడూ. మొత్తం 14 మూలలు. శనివారం ఉదయం 9కి లైబ్రరీ మెట్ల దగ్గర మొదలుపెడతాం. టేపు, చాక్‌పీసు నా దగ్గర ఉన్నాయి. నాన్నగారు ముందు నడుస్తానంటున్నారు.